ఆడబల్ల, మగబల్ల

చిన్నదాన్ని లాబ్‌లో చేర్పించింది నేనే. ఆ ముక్క ముందే చెప్పేయడం నయం. ఎందుకంటే ఆ సీజన్ పొడుగునా మా అత్తగారు దాన్ని నాకు గుర్తుచేస్తూనే ఉంది. "పిలిచి పీట వేసిందానివి నువ్వే. ఇప్పుడు మొహం ముడుచుకుంటే ఎవరేం చేస్తారే పెద్దదానా?" అనేది, కూరగాయలు తరుగుతూ, నా వైపు చూడకుండా.

చిన్నది నా తోడికోడలు, మా మరిది భార్య. ఇంట్లో నేను పెద్దది, అది చిన్నది. మా అసలు పేర్లతో పోస్ట్‌మాన్‌కి తప్ప ఎవరికీ పని పడలేదు. పెళ్లయి వచ్చి ఏడాది కాకముందే ఇంట్లో తోచక గోళ్లు గిల్లుకుంటోందని, ఎలాగూ బయాలజీ చదివింది కదా అని, లాబ్ నడిపే మా మేడంతో మాట్లాడాను. "నా చేతికింద ఒక మనిషి ఉంటే పని తేలికవుతుంది మేడం" అన్నాను. చేతికింద అనే అన్నాను.

మా లాబ్ సముద్రం ఒడ్డున రెండంతస్తుల మేడ. కింద జనం వచ్చి చూసే గాజుతొట్లు, పైన మా పని. మేము పనిచేసేది సముద్రపు ముళ్లబంతుల మీద. పుస్తకాల్లో సీ అర్చిన్ అని ఉంటుంది, మేమూ అర్చిన్ అనే పిలుస్తాం. బత్తాయంత ఉంటుంది, ఒళ్లంతా ముళ్లు. పైనుంచి చూస్తే ఆడదో మగదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఏడాదిలో కొన్ని నెలలే వాటి కడుపులు నిండుతాయి. ఆ నెలలే మా సీజన్. పడవ మీద వెళ్లి రాళ్ల సందుల్లోంచి వాటిని ఏరుకొచ్చే పని మా ఆయనది.

నోటి పక్కన మెత్తగా ఉండే చోట సూదితో పొటాషియం క్లోరైడ్ ఎక్కించి కాస్త ఊపితే, అర్చిన్ నడినెత్తిన ఉన్న అయిదు రంధ్రాల్లోంచి ఉన్నదంతా బయటపెట్టేస్తుంది. నారింజ రంగులో వస్తే ఆడది, పాలలా వస్తే మగది. ఆడదాన్ని సముద్రపు నీళ్లున్న బీకరు మూతి మీద బోర్లిస్తాం. గుడ్లు సన్నటి దారాలుగా దిగి అడుగున పరుచుకుంటాయి. మగదాని తెలుపుని మాత్రం నీళ్లు తగలనివ్వకుండా తీసి ఐసు మీద పెడతాం. నీళ్లు తగిలిందా, ఆ వీర్యకణాలు లేచి పరుగులు పెట్టి కాసేపట్లో అలిసి చచ్చిపోతాయి.

ఇక మా మేడం పెట్టిన నియమం. గదికి ఈ చివర ఆడబల్ల, ఆ చివర మగబల్ల. ఆడబల్ల మీద పనిచేసే మనిషి మగబల్ల మీది గాజుకడ్డీ కూడా ముట్టుకోకూడదు. అటు మనిషి ఇటు రాకూడదు. తెలుపు అంటిన వేలు ఒక్కటి బీకరులో మునిగిందంటే చాలు, లక్షల గుడ్లూ వీర్యంతో కలిసిపోయినట్టే, ఆ రోజు పని గంగలో కలిసినట్టే. మధ్యలో నేల మీద ఒక గీత, ఆ గీత మీద ఒక చెక్క అర. మగబల్ల మనిషి నీళ్లలో కలిపిన వీర్యం గొట్టాన్ని అక్కడ పెట్టి వెనక్కి వెళ్తే, ఆడబల్ల మనిషి వచ్చి తీసుకోవాలి. వారం వారం బల్లలు మారతాం. ఇంట్లో ఒకే దువ్వెన, ఒకే సబ్బు వాడుకునే తోడికోడళ్లం లాబ్‌లోకి వచ్చేసరికి ఒకరి పెన్ను ఒకరం అడగడానికి లేదు.

ఇదంతా దేనికంటే, ఒక వెలుగు కోసం. గుడ్డులోకి ముందే ఒక రంగు ఎక్కిస్తాం. వీర్యకణం తగిలి లోపలికి వెళ్లిన చోట గుడ్డులో కాల్షియం పొంగుతుంది, ఆ రంగు అక్కడ వెలుగుతుంది. ఆ వెలుగు ఆ మూల నుంచి ఈ మూలకి గుడ్డంతా పాకుతుంది. దాని వెనకే గుడ్డు చుట్టూ ఒక పొర పైకి లేస్తుంది. మేము గోడ లేచింది అంటాం. అసలు తగిలిన క్షణంలోనే గుడ్డు పైన విద్యుత్తు మారి తక్కినవాటికి దారి మూసుకుపోతుంది. తర్వాత ఈ గోడ వచ్చి తలుపు గట్టిగా బిగిస్తుంది. లోపల ఒక్కదానికే చోటు, రెండోది దూరిందా ఆ గుడ్డు సరిగా చీలలేక చస్తుంది.

ఆ వెలుగు పాకడం నేను ఎన్నోసార్లు చూశాను. మొదలవడం మాత్రం ఒక్కసారీ చూడలేదు. దీపం ముందే వేసి ఉంచితే రంగు వెలిసిపోతుంది, గుడ్డూ దెబ్బతింటుంది. అందుకని చుక్క వేసే క్షణంలోనే దీపం మీట నొక్కాలి. ఆ మీట మైక్రోస్కోపుకి కుడివైపున ఉంది. నేను కుడిచేత్తో చుక్క వేసి, అదే చేత్తో మీట వెతుక్కుని నొక్కి, కన్ను ఆనించేసరికి వెలుగు అప్పటికే సగం దూరం వెళ్లిపోయేది. నా వీడియోలన్నీ పెళ్లికి ఆలస్యంగా వెళ్లిన చుట్టాలే. పోనీ ఇంకొకరు పక్కన నిలబడి చుక్క వేస్తారా అంటే, ఆడబల్ల వెనక ఆ మైక్రోస్కోపు ఉన్న చీకటిగది అలమారంత, స్టూలు ఒక్కటే, పైగా మగబల్ల మనిషికి అందులోకి రావడానికే వీల్లేదు.

సీజన్ మొదలైన రోజే మేడం మమ్మల్నిద్దర్నీ పిలిచి కూర్చోబెట్టింది.

"వచ్చే ఏడు ఇద్దరికి జీతం ఇవ్వలేను. ఒక్కరే ఉంటారు. వెలుగు మొదలైన చోటు నుంచి ఆఖరుదాకా తెగకుండా పట్టాలి, అదీ మూడు వేర్వేరు ఆడవాటి గుడ్లలో. ఒకసారి పడితే అది అదృష్టం అంటారు, మూడుసార్లు పడితే పని అంటారు. ఎవరు పట్టగలిగితే వాళ్లే ఉంటారు." ఆగి, కళ్లజోడు తుడుచుకుంటూ అంది, "ఒకే ఇంటివాళ్లని తెలుసు. ఇంటికెళ్లి జుట్లు పట్టుకోకండి."

"అయ్యో మేడం, అక్క ఉండగా నాకెందుకు వస్తుంది" అంది చిన్నది. నిజంగానే అంది. దాని మాటల్లో వెనకాల ఏమీ దాగి ఉండదు, అదే నా ప్రాణం తీసేది.

మొదటి వారం ఆడబల్ల దానిది. ఒకరోజు చీకటిగదిలోంచి కేక వినిపించింది. కిందపడిందేమో అనుకున్నాను. అది బయటికొచ్చి నన్ను వాటేసుకోబోయి, మగబల్ల సంగతి గుర్తొచ్చి గీత అవతలే ఆగి, "అక్కా, మొదలవడం చూశాను! అంచున చిన్న చుక్క! అక్కణ్ణించే మొదలైంది!" అని గెంతింది.

మేడం వీడియో వెనక్కి తిప్పి తిప్పి చూసింది. "ఎలా పట్టావు?"

"ఏముంది మేడం, కుడిచెయ్యి మీట మీద పెట్టుకుని ఎడంచేత్తో చుక్క వేశాను."

దానిది ఎడమచేతివాటం. గరిటె తిప్పినా, ముగ్గురికి టీ పోసినా, మా మరిది వీపు మీద చరిచినా ఎడంచేత్తోనే. నేను ఇన్నేళ్లు కళ్లు కాయలు కాసేలా ఎదురుచూసింది, అది వచ్చిన వారానికే చేసేసింది, అదీ ఆ చేత్తో. నా ఒళ్లు మండిపోయింది. "బాగుంది, భలే పట్టావు" అన్నాను.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మా ఆయన పుండు మీద కారం చల్లాడు. "చిన్నది భలే పట్టేసిందటగా. ఆ జంతువుల్ని తెచ్చిన నాకైనా కాస్త పేరొస్తుందా లేదా?"

"మీరు మీ పడవ సంగతి చూసుకోండి. నిన్న తెచ్చినవాటిల్లో సగం ఖాళీ కడుపులే."

"ఇదుగో, నా మీద ఎగురుతావేం? నేనేమన్నాను?"

"ఏమీ అనలేదు. అన్నం తినండి."

మర్నాటి నుంచి నేను ఎడమచేతిని దారిలో పెట్టే పనిలో పడ్డాను. లాబ్ నుంచి పాత డ్రాపరొకటి తెచ్చుకుని, మధ్యాహ్నాలు వంటింట్లో గట్టు మీద గిన్నె పెట్టి, కుడిచేత్తో లైటు స్విచ్చి నొక్కుతూ ఎడంచేత్తో గిన్నెలోకి నీటిచుక్క వేసేదాన్ని. స్విచ్చి ఒక క్షణం, చుక్క ఇంకో క్షణం. చుక్క గిన్నెలో తప్ప అన్నిచోట్లా పడేది. లైటు వెలిగి ఆరి, వెలిగి ఆరి, మా అత్తగారు గుమ్మంలో వచ్చి నిలబడింది.

"ఏమిటే ఇది? కరెంటుతో ఆడుకుంటున్నావా?"

"ప్రాక్టీసు అత్తయ్యా."

ఆవిడ నా ఎడమచేతిని చూసింది, డ్రాపర్ని చూసింది, ఒక్క నిట్టూర్పు విడిచింది. "దాని చెయ్యి నీకు మొలుస్తుందటే?"

"మొలవక్కర్లేదు. ఉన్నదే వంగితే చాలు."

"చూస్తున్నా, నాలుగు రోజుల్నించి చిన్నది కాచిన టీ నువ్వు తాగడం లేదు. అది తుడిచిన గట్టు మళ్లీ తుడుస్తున్నావు." కత్తిపీట ముందు కూర్చుంటూ అంది, "మీ లాబ్‌లో ఏదో ఉందిగా, ఆ బల్ల ఒకళ్లది, ఈ బల్ల ఇంకొకళ్లది అని. అదేదో ఇక్కడా పెట్టేస్తాను. పొద్దుటి వంట నీది, సాయంత్రం వంట దానిది. ఒకరి పూట ఇంకొకరు వంటింట్లోకి అడుగుపెట్టారో, ఇద్దర్నీ బయటికి నెట్టి నేనే వండుకుంటాను."

అలా మా ఇంట్లోకీ బల్లలు వచ్చాయి. మా మరిది నవ్వాపుకోలేకపోయాడు. "మరి మేము ఏ బల్ల వదినా?" అన్నాడు.

చిన్నదానికి రెండో వీడియో కూడా పడింది. నా ఎడమచెయ్యి కొద్దికొద్దిగా వంగుతోంది. వెలుగు సగం దూరం వెళ్లాక పట్టేదాన్ని, ఇప్పుడు పావు దూరంలోనే పట్టుకుంటున్నాను. ఇంకో వారం దొరికితే నాకూ పడుతుందని నా గట్టి నమ్మకం. ఒకే స్కూటర్ మీద వెళ్లేవాళ్లం. వెనక కూర్చుని అది ఏదో కూనిరాగం తీస్తూ ఉండేది. ఆ రాగం నా చెవిలో పడకూడదని నేను బండి గట్టిగా రేజ్ చేసేదాన్ని. దానికి ఒక్కసారైనా చుక్క గురి తప్పాలని, ఒక్కసారైనా కేక కాక తిట్టు వినిపించాలని దేవుణ్ణి అడిగాను. నాకు రావాలని అడిగినదానికన్నా ఎక్కువసార్లు అడిగాను.

ఆడబల్ల నాదైన వారంలో ఒక పొద్దున మా ఆయన తెచ్చినవాటిలో ఒకటి బాగా బరువుగా ఉంది. సూది పొడిచి ఊపగానే నారింజ పొంగింది. ఇంత మంచి గుడ్లు ఆ సీజన్‌లో చూడలేదు. మొదటి చుక్కల్లో చెత్త ఉంటుందని వాటిని వేరే చిన్న గాజుగిన్నెలోకి తీసి, మూత పెట్టి, పైఅరలో పడేయడం నాకు అలవాటు. అలాగే చేసి, జంతువుని బీకరు మీద బోర్లించాను. ఈ రోజు నాదే అనుకున్నాను. ఎడమచెయ్యి కూడా ఎందుకో తేలిగ్గా ఉంది.

అంతలో నా సెల్ మోగింది. సంచి తలుపు దగ్గర, అంటే మగబల్ల వైపు ఉంది. మోగి ఆగి, మోగి ఆగి, మళ్లీ మోగింది. చిన్నది తీసి చూసి, "అక్కా, అత్తయ్య! మూడోసారి చేస్తోంది, ఏమైందో ఏమో" అంటూ గీత దాటి వచ్చి సెల్ నా చేతికిచ్చేసింది. నేను వద్దనేలోపే అది నా పక్కన, బీకరు పక్కన ఉంది.

"పెద్ద గది తాళం ఎక్కడ పెట్టావే?" అంది అత్తగారు ఫోన్లో.

"మేకుకే ఉంది అత్తయ్యా!"

చేతులు మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, ఎప్పట్లాగే ముందు ఒక చుక్క గుడ్లు తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను. అన్నిటికీ గోడలు లేచి ఉన్నాయి. నేను ఇంకా వీర్యం కలపనే లేదు. ఇంకో చోట నుంచి తీసి చూశాను. అవీ అంతే. ఒక్కో గుడ్డు చుట్టూ శుభ్రమైన పొర, ఎవరో కొలిచి గీసినట్టు.

మేడం వచ్చి చూసింది. ఆవిడ అరవదు. గొంతు తగ్గిస్తుంది. "మగబల్ల నుంచి ఇటు ఎవరొచ్చారు?"

"నేనే మేడం" అంది చిన్నది. "అక్క ఫోన్ ఇవ్వడానికి."

"చేతులు కడుక్కునే వచ్చావా?"

చిన్నది తన ఎడమచేతిని చూసుకుంది. చాలాసేపు చూసుకుంది. "గుర్తులేదు మేడం. కడుక్కోలేదేమో."

"ఆడవి దొరకడమే కష్టమైపోయింది ఈ ఏడు. ఇలాంటిది మళ్లీ దొరకదు." మేడం కళ్లజోడు తీసింది. "నువ్వు ఇంటికి వెళ్లు. రేపటి నుంచి రావద్దు. మిగిలిన రోజులు మీ అక్క ఒక్కతే చూసుకుంటుంది."

అది బ్యాగు తీసుకుంది. నన్ను చూసి "సారీ అక్కా, నీ గుడ్లు పాడుచేశాను" అంది. మెట్లు దిగుతున్న చప్పుడు విన్నాను. నా కడుపు చల్లబడింది. ఆ చల్లదనం ఎంత హాయిగా ఉందో చెప్పలేను, వేసవిలో కుండలోని నీళ్లు తాగినట్టు ఉంది. వచ్చే ఏడు చోటు నాది. స్టూలు నాది. ఎడమచెయ్యీ కుడిచెయ్యీ ఏదైనా సరే, ఇక పోటీ లేదు.

గంట గడిచాక ఆ హాయితోనే బల్ల సర్దడం మొదలుపెట్టాను. బీకరు గుడ్లు సింకులో ఒంపాను. పైఅర మీది గాజుగిన్నె తీశాను, అదీ ఒంపబోయాను. అలవాటు చెడ్డది. ఏ గుడ్డునైనా పారబోసే ముందు ఒకసారి చూడకుండా ఉండలేను. మూత తీసి మైక్రోస్కోపు కింద పెట్టాను.

వాటికీ గోడలు లేచి ఉన్నాయి. అంతేకాదు, చాలా గుడ్లు అప్పటికే నిట్టనిలువునా చీలి రెండయ్యాయి. ఊరికే గోడ లేవడం కాదు, లోపలికి నిజంగానే వీర్యకణం వెళ్లింది.

ఆ గిన్నెకి నేను మూత పెట్టింది ఫోన్ మోగకముందు. చిన్నది గీత దాటకముందు. ఆ పైఅర దాని చేతికి అందను కూడా అందదు.

కూర్చుండిపోయాను. నా డ్రాపరా అంటే, అది పొద్దున కొత్త పెట్టెలోంచి తీసింది. నీళ్లా అంటే, అవే నీళ్లలో నిన్నటి గుడ్లు ఇంకా పక్క బీకరులో గోడ లేకుండా చక్కగా ఉన్నాయి. ఇక మిగిలింది ఆ జంతువు. బకెట్‌లో ముళ్లు కదుపుతోంది. దాన్ని ఎత్తి, ఇంకో సూది పొడిచి, ఖాళీ గిన్నె మీద నెత్తి పైకి ఉండేలా పట్టుకుని దీపం కిందికి తెచ్చాను. నాలుగు రంధ్రాల్లోంచి నారింజ వచ్చింది. అయిదో దాన్నుంచి, మొదట ఏమీ రాలేదు. తర్వాత సన్నగా, వెంట్రుకంత మందాన, తెల్లటి దారం వచ్చింది.

ఆడదీ అదే, మగదీ అదే. తన గుడ్లని తన వీర్యంతో తనే కలిపేసుకుంది. ఇలాంటివి ఉంటాయని చదివాను గానీ ఎన్నడూ కంటితో చూసింది లేదు. మా మేడం కూడా చూసి ఉండదు.

గదిలో ఎవరూ లేరు. బకెట్ తీసుకెళ్లి మా ఆయన పడవలో పెడితే సాయంత్రానికి సముద్రంలో కలిసిపోతుంది. గాజుగిన్నె కడిగేస్తే అయిపోతుంది. చిన్నదానికి తన చెయ్యి కడుక్కున్నదీ లేనిదీ జన్మలో గుర్తురాదు. నేను నోరు విప్పక్కర్లేదు కూడా, నోరు మూసుకుంటే చాలు. చాలాసేపు అలాగే ఉన్నాను. జంతువు నా అరచేతిలో ముళ్లతో మెల్లగా నడవడానికి చూస్తోంది. నారింజ మధ్యలో ఆ తెల్లదారం ఇంకా దిగుతూనే ఉంది. అది చూస్తుంటే నాకు పట్టరాని సంతోషం వచ్చింది. ఆ సంతోషం ఎవరితోనూ చెప్పుకోకుండా సింకులో ఒంపేయడం నా వల్ల కాలేదు. మంచితనం అనుకునేరు, అది కాదు. ఇది కనిపెట్టింది నేను.

మేడం గది తలుపు కొట్టాను. "ఒకసారి రండి. జంతువులోనే తేడా ఉంది."

ఆవిడ చూసింది. గాజుగిన్నె చూసింది, దారం చూసింది, నన్ను చూసింది. కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఎంత బాగుంది" అంది చివరికి, చిన్నపిల్లలా. ఆ తర్వాత, "ఫోన్ చెయ్యి మీ చెల్లికి" అంది.

"మీరే చెయ్యండి మేడం" అన్నాను. అంతవరకే నా వల్ల అయింది.

ఇంటికి వెళ్లేసరికి సాయంత్రం పూట వంట, అంటే చిన్నదాని వంతు. ఏడ్చిన కళ్లతో టీ కాచి నా ముందు పెట్టింది. అత్తగారు గడపలో కూర్చుని నన్నే చూస్తోంది. మా మరిది "వదినా, నువ్వు చెప్పబట్టి..." అని మొదలుపెట్టాడు.

"నేనేం చెప్పలేదు. జంతువు చెప్పింది" అన్నాను. టీ తాగాను. చక్కెర ఎక్కువైంది. ఆ మాట కూడా అన్నాను.

మూడో వీడియో చిన్నదానికే పడింది. నా వారంలో నాకు ఒక్కటీ పూర్తిగా పడలేదు. పావు దూరం దగ్గరే నిలిచిపోయాను. మేడం నన్ను పిలిచి, నేను కనిపెట్టిన జంతువు గురించి నా పేరుతోనే రాస్తానంది, రాసింది కూడా. వచ్చే ఏడు పైన చోటు చిన్నదానిది. నాకు కింద గాజుతొట్ల దగ్గర, వేరే పద్దు జీతం మీద, పని చూపించింది. బడుల నుంచి వచ్చే పిల్లలకి అర్చిన్‌ని అరచేతిలో పెట్టి చూపించడం. "నువ్వు బాగా చెప్తావు" అంది. నేను బాగా చెప్తానని నాకూ తెలుసు. అడిగింది అది కాదు కదా.

ఇంట్లో వంటపూటలు అలాగే ఉండిపోయాయి. అత్తగారు వాటిని ఎత్తేయలేదు, మేమూ అడగలేదు.

సీజన్ ఆఖరి రోజు. వస్తున్న జంతువులన్నీ ఖాళీవే. ఒక్కదాని దగ్గర అడుగున కాసిని గుడ్లు మిగిలాయి. వాటితో ఎవరికీ పనిలేదు గానీ, పారేయడం ఎందుకని చిన్నది రంగెక్కించి పెట్టింది. నేను చీకటిగదిలో నా సామాను తీసుకుంటున్నాను. స్టూలు మీద వేసుకునే దిండు, నా చేతిరుమాలు, ఒక పాత దువ్వెన.

"అక్కా, ఆ దిండు తియ్యకు. ఒకసారి కూర్చో."

"ఎందుకు?"

"కూర్చో అక్కా, నీకు దణ్ణం పెడతా."

కూర్చున్నాను. అది ఆడబల్ల మీది గాజుపళ్లెం తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టింది. తర్వాత వెళ్లి మగబల్ల మీది ఐసు డబ్బా ఎత్తుకుని నేరుగా గీత దాటి వచ్చేసింది.

"ఏయ్! ఇటు రాకు!" అని అరిచాను, అలవాటు కొద్దీ.

"ఇంకేం గుడ్లున్నాయని అక్కా, పాడవడానికి? ఇవే ఆఖరు." ఆ అలమారంత గదిలోకి నా వెనక ఇరుక్కుని నిలబడింది. దాని మోచెయ్యి నా భుజం మీద ఆనింది. "నువ్వు కన్ను తియ్యకు. మీట మీద చెయ్యి పెట్టు. చుక్క నేను వేస్తాను."

ఇంత చిన్న సంగతి. ఇన్నేళ్లలో ఎవరం చెయ్యలేదు, నియమం ఒప్పుకోదు. ఒకరు చూస్తే ఒకరు వెయ్యాలి, అంతే.

"వేస్తున్నా" అంది.

మీట నొక్కాను. గుడ్డు మసగ్గా, బూడిదరంగులో ఉంది. కింద ఎడమ అంచున ఏదో కదిలింది. పొయ్యి మీద పాలు పొంగబోయే ముందు ఒక పక్కన ముందుగా వణికినట్టు, అక్కడ, ఆ ఒక్కచోట, వెలిగింది. ఆగింది. తర్వాత పాకడం మొదలుపెట్టింది. తొందరేమీ లేదు దానికి. గుడ్డంతా నింపుకుంటూ వెళ్లి అవతలి అంచు చేరి, నెమ్మదిగా మసకబారింది. మొదలైన చోటే ముందు గోడ లేచింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి, కన్ను మాత్రం తియ్యలేదు.

"చూశావా అక్కా? ఎక్కడ మొదలైంది?"

చూశానంటే అది దాని చలవ అవుతుంది. దాని ఎడమచేతి చలవ. ఇన్నేళ్ల నా ఎదురుచూపు దాని చేతి మీదుగా నాకు అందినట్టవుతుంది, అది జన్మంతా నవ్వుతూ ఆ మాట చెప్పుకుంటుంది, భోజనాల దగ్గర మా ఆయన వింటాడు.

"లేదు" అన్నాను. "సరిగ్గా అప్పుడే రెప్ప పడింది."

నా గొంతు ఎలా ఉందో నాకు తెలియదు, దానికి తెలిసే ఉంటుంది. భుజం మీది మోచెయ్యి కదల్లేదు.

"పోనీలే అక్కా. ఇంకో పళ్లెం ఉంది" అంది.

రెండోసారి పైన కుడి అంచున మొదలైంది. "ఈసారి?" అని అడిగింది. మళ్లీ రెప్ప పడిందన్నాను. సరేనని పళ్లెం మార్చింది. ఆ తర్వాత అడగడం కూడా మానేసింది. బయట మేడం వెళ్లిపోతూ తాళాలు అక్కడే పెట్టానని కేకేసింది. ఇంట్లో వంటపూట దాటిపోతోందని ఇద్దరికీ తెలుసు. డబ్బాలో ఐసు కరిగి నీళ్లయిపోయేదాకా అది చుక్కలు వేస్తూనే ఉంది, నేను రెప్పలు వేస్తూనే ఉన్నాను.